కుందేలు తోలుకు పురుగు పట్టింది: ఫ్లైలు కట్టే ఈకలు, బొచ్చు కాపాడుకునేదెలా?

వాగొడ్డు:

అందరికీ నమస్కారం. నేను ఉండేది పెన్సిల్వేనియాలో, కార్లైల్‌కు కాస్త దూరంలో. తీరిక దొరికిన సాయంత్రాల్లో ట్రౌట్ చేపలకు ఫ్లైలు, అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు చుట్టి చేసే పురుగులాంటి ఎరలు, కట్టుకుంటాను. ఎండలు మొదలైతే లెటార్ట్, ఎల్లో బ్రీచెస్ వాగుల దగ్గరే ఉంటాను. మన తెలుగువాళ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఇక్కడ కొందరు ఉన్నారని చూసి రాస్తున్నాను.

హేర్స్ ఇయర్ నింఫ్‌లు (నీటి పురుగు పిల్లల్లా కనిపించే ఫ్లైలు) కట్టడానికి కుందేలు మాస్క్, అంటే చెవులతో సహా దాని ముఖం తోలు, బయటికి తీశాను. చెవి మొదట్లో బొచ్చు ఊడిపోయి తోలు కనిపిస్తోంది. సంచి అడుగున ఇసుకలాంటి పొడి ఉంది. దానితోపాటు బియ్యపు గింజ పొడవున సన్నని గొట్టాలు కొన్ని ఉన్నాయి. వాటి రంగు అచ్చం కుందేలు బొచ్చు రంగే, అందుకే మొదట కంటికి ఆనలేదు. పక్క సంచిలో గోధుమ రంగు కోడిపుంజు కేప్, అంటే ఈకలతో ఉన్న మెడ తోలు, ఉంది. అందులో కొన్ని ఈకలు తోలు దగ్గరికంటా తెగి రాలిపోయాయి, కొన్నింటికి ఒక పక్క పోగులు లేవు. ఆ సంచిలో గొట్టాలు లేవు, గూడు లేదు.

ఈ సామగ్రిలో సగం ఒక పెద్దాయన దగ్గర తీసుకున్నది. చూపు మందగించి ఆయన కట్టడం మానేశారు. అట్టపెట్టెల నిండా ఈకలు, తోళ్లు ఇచ్చారు. వాటిలో జంగిల్ కాక్ అనే పక్షి మెడ తోలు ఒకటి ఉంది. పెంచిన పక్షిదేనని చీటీ కూడా ఉంది. మిగతావి పోయినా కొనుక్కోగలను, అది పోతే మాత్రం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

నా సందేహాలు ఇవి. కలరా ఉండలు వేయవచ్చా? నేను కట్టుకునే బల్ల పడకగది మూలన ఉంది, ఇంట్లో పాకే వయసు పాప ఉంది. ఫ్రీజర్‌లో పెట్టమని చాలామంది అంటున్నారు. మా అత్తగారు శాకాహారి, వంటింటి ఫ్రీజర్‌లో జంతువు తోలు అంటే ఆవిడ ఎలా ఒప్పుకుంటారు? ఒప్పుకోమని అడగడం నాకూ ఇష్టం లేదు. ఇంకొకటి, కొన్ని వారాలుగా వంటింట్లో చిన్న రెక్కల పురుగులు దీపం చుట్టూ తిరుగుతున్నాయి. అవీ ఇవీ ఒకటేనా? ఆ బల్ల పక్క అలమారలోనే మా ఆవిడ పట్టుచీరలు ఉన్నాయి. ఆ సంగతి తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

నీలగిరి చలి:

వాగొడ్డు గారూ, నేను బెంగళూరులో ఉంటాను. ఊటీ వైపు అవలాంచి దగ్గర ట్రౌట్ కోసం, కావేరి మీద మహసీర్ కోసం ఫ్లైలు కడతాను. మాది కడప జిల్లా. మా నాయనమ్మ పట్టుబట్టల మడతల్లో ఎండు వేపాకు, వస కొమ్ము పెట్టేది. ఆ చీరలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేనూ ఈకల డబ్బాల్లో ఎండు వేపాకు వేస్తాను, పైన కర్పూరం బిళ్ల ఒకటి పెడతాను. ఇంతవరకు చిమ్మట రాలేదు.

నన్ను ఏడిపించేది పురుగు కాదు, బూజు. వానాకాలంలో డబ్బా మూత తీస్తే తోలు వైపు తెల్లటి నూగు కనిపిస్తుంది. సిలికా జెల్ పొట్లాలు వేసినా నెల తిరిగేసరికి అవి తేమ పీల్చుకుని పనికిరాకుండా పోతాయి. మీకు అక్కడ పొడి వాతావరణం కాబట్టి ఆ బాధ ఉండకపోవచ్చు. వేపాకు మాత్రం ప్రయత్నించండి. పాప ఉన్న ఇంట్లో కలరా ఉండల కంటే అదే మేలు.

ఈకలపెట్టె:

వాగొడ్డు గారూ, నేను చాలా ఏళ్లు ఇక్కడి ఒక మ్యూజియంలో పాత బట్టలు, తోలు వస్తువులు, ఈకల టోపీలు భద్రపరిచే విభాగంలో పనిచేశాను. ఫ్లైలు కట్టడం అక్కడి సహోద్యోగి దగ్గరే నేర్చుకున్నాను. అందువల్ల ఈ పురుగులతో నాకు రెండు వైపుల నుంచీ పరిచయం ఉంది.

మీరు రాసిన గుర్తులను బట్టి మీ ఇంట్లో ఉన్నవి రెండు రకాలు. కుందేలు మాస్క్‌లోని గొట్టాలు బట్టల చిమ్మటవి. వాటిలో ఒక జాతి పిల్ల పురుగు తాను తినే బొచ్చుతోనే ఒక గొట్టం అల్లుకుంటుంది. రెండు కొసలా తెరిచి ఉన్న ఆ గొట్టాన్ని వెంట ఈడ్చుకుంటూ తిరుగుతుంది. నల్ల ఉడుత తోక తింటే గొట్టం నల్లగా, కుందేలు బొచ్చు తింటే బూడిద గోధుమ రంగులో ఉంటుంది. అందుకే మీ కంటికి ఆనలేదు. ఇంకో జాతి గొట్టం మోయదు, తిన్న చోటల్లా సాలెపట్టులాంటి దారాలు పరుస్తుంది. సంచి అడుగున ఉన్న ఇసుక వాటి రెట్ట. అద్దకం వేసిన బొచ్చు తింటే అదీ ఆ రంగులోనే వస్తుంది.

కోడి కేప్ సంగతి వేరు. దారం లేదు, గూడు లేదు, ఈకలు మొదలంటా తెగి రాలాయి. అది కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకు పురుగు పిల్ల పని. పురుగు దొరకకపోయినా దాని కుబుసం దొరుకుతుంది, వెతకండి. కేప్‌ను తిరగేసి తోలు వైపు అంచు ముడతల్లో భూతద్దం పెట్టి చూడండి. గోధుమ రంగులో, అడ్డ చారలతో, ఒళ్లంతా ముళ్లలాంటి వెంట్రుకలతో బోలుగా ఉన్న పొట్టు కనబడితే అదే. ఈ పురుగు ఈకతో ఆగదు. తోలునూ, తోలుకు అంటుకుని ఎండిన కొవ్వునూ తింటుంది. శుభ్రంగా గీకని తోలు దానికి ఈక కంటే ఇష్టం. ఈ పొట్టు మీద వెంట్రుకలు కొందరికి దద్దుర్లు, తుమ్ములు తెప్పిస్తాయి. దులిపేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకుని ఆరుబయట చేయండి, పాపను దగ్గరికి రానివ్వకండి.

దీపం చుట్టూ తిరిగే వంటింటి పురుగులు ఇవి కావు. బట్టల చిమ్మటకు వెలుతురు గిట్టదు. మీరు సంచి కదిపితే ఎగిరిపోకుండా చీకటి మూలకు పరుగెడుతుంది. ఒళ్లంతా ఒకే లేత బంగారు రంగు, పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. వంటింట్లో వాటి రెక్కలు చూడండి: ముందు సగం లేత రంగులో, వెనక సగం రాగి రంగులో ఉంటే అవి బియ్యం, గోధుమపిండి, పప్పుల సంచుల్లో పుట్టేవి. మన ఇళ్లలో పెద్ద బియ్యం సంచులు ఉంటాయి కాబట్టి ఆ పురుగును చూసి పట్టుచీరల కోసం కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను. ఆ సంచులు జల్లించి, మూత గట్టిగా బిగిసే డబ్బాల్లో పోయండి. అది వేరే పని.

కార్పెట్ బీటిల్ పెద్ద పురుగు మాత్రం వెలుతురు వైపే వెళుతుంది. వసంతంలో కిటికీ గట్టు మీద 2, 3 మిల్లీమీటర్ల గుండ్రటి పెంకు పురుగులు, తెలుపు, పసుపు, గోధుమ మచ్చలతో కనిపిస్తే ఇంట్లో ఎక్కడో అవి పెరిగాయని అర్థం. పెద్దయ్యాక అది పూల పుప్పొడి తింటుంది. మన ఈకలు తినేది పిల్లగా ఉన్నప్పుడే. చిమ్మటదీ అదే తీరు, రెక్కలు వచ్చాక అది అసలేమీ తినదు. కాబట్టి ఎగిరే పురుగును కొట్టి పని అయిపోయిందనుకోవద్దు. నష్టం చేసేది ఇంకా సంచిలోనే ఉంటుంది.

ఇప్పుడు కలరా ఉండలు. వద్దు. ఇది మెత్తగా చెప్పే విషయం కాదు. నాఫ్తలీన్ ఆవిరి మూసిన డబ్బాలో చిక్కగా నిండినప్పుడే పురుగును చంపుతుంది. గదిలో మీకు వాసన తెలుస్తోందంటే డబ్బాలో చాలినంత లేదని, మిగిలినది మీ పాప పీలుస్తోందని అర్థం. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు, రక్తహీనత వస్తాయి. కలరా ఉండలతో దాచిన బట్టలు కప్పినా ఆ ముప్పు ఉంది. ఆ లోపం మన దేశం వాళ్లలోనూ ఉంది, పరీక్ష చేయించేదాకా బయటపడదు. యూరోపియన్ యూనియన్ 2008లో నాఫ్తలీన్ ఉండలను నిషేధించింది. ఇక్కడ అమ్మేవాటిలో చాలావరకు పారాడైక్లోరోబెంజీన్. అది కొన్ని ప్లాస్టిక్ డబ్బాలను మెత్తబరుస్తుంది. రెండు రకాలూ ఒకే పెట్టెలో పడితే కరిగి నీరై ఈకల మీద మరకలు పడతాయి. పెద్దాయన ఇచ్చిన పెట్టెల్లో పాత ఉండలు ఉంటే ముందు వాటిని ఏరి విడిగా సీసాలో మూసిపెట్టండి, కొత్తవి వేయకండి.

నీలగిరి చలి గారూ, మీ నాయనమ్మ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఆవిడ చీరలను కాపాడినది వేపాకు కంటే ఆవిడ చేతులే అని నా నమ్మకం. ఆ తరం వాళ్లు పట్టుబట్టలను ఏటా తీసి, నీడన ఆరబెట్టి, మడత మార్చి, దులిపి పెట్టేవాళ్లు. చిమ్మటకు కావలసింది చీకటి, కదలిక లేని చోటు, చెమటో నూనో అంటిన బట్ట. ఆ మూడూ లేకుండా చేశారు. వేపాకు, వస, లావెండర్ వాసనలకు పెద్ద పురుగు కొంత దూరం జరగవచ్చు, కానీ అప్పటికే లోపల ఉన్న గుడ్డు పొదగడం ఆగదు. పైగా ఎండు ఆకు పొడి ఈకల్లో కలిస్తే పురుగు రెట్ట ఏదో ఆకు పొడి ఏదో తెలియదు. కర్పూరం పాకే పిల్ల ఉన్న ఇంట్లో అసలు వద్దు, నోట్లో పెట్టుకుంటే మూర్ఛలు వస్తాయి.

పనికొచ్చేది చలి. సామగ్రిని సంచిలో పెట్టి గాలి నొక్కేసి మూసి, దాన్ని మరో సంచిలో పెట్టి, సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్‌లో, అంటే ఫారెన్‌హీట్‌లో సున్నా దగ్గర, రెండు వారాలు ఉంచండి. ఫ్రీజర్ మీద రాసిన అంకెను నమ్మకండి, లోపల థర్మామీటర్ పెట్టి చూడండి. సంచులను ఒకదాని మీద ఒకటి పేర్చితే మధ్యలో ఉన్నది చాలాసేపు చల్లబడదు. నెమ్మదిగా చల్లబడితే పురుగు ఆ చలికి అలవాటుపడే వీలుంది, అందుకే విడివిడిగా పరచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు వదిలేయండి. తేమ సంచి పైన పడుతుంది, ఈకల మీద పడదు. ఆ తర్వాత మళ్లీ ఒక వారం లోపల పెట్టండి. ఈ రెండో విడత అవసరమా అని వాదించేవాళ్లు ఉన్నారు. జంగిల్ కాక్ ఉన్న మనిషి వాదించకుండా చేయాలని నా అభిప్రాయం.

అత్తగారి విషయంలో మీరు పడుతున్న ఇబ్బంది న్యాయమైనదే. నేనైతే చిన్న పెట్టె ఫ్రీజర్ ఒకటి, పాతదైనా సరే, గ్యారేజీలో పెట్టుకుంటాను. అది ఈ పనికి వంటింటి దాని కంటే మంచిది కూడా. వంటింటి ఫ్రీజర్లు మంచు పేరుకోకుండా మధ్యమధ్య తమంతట తాము వేడెక్కుతాయి. పెట్టె ఫ్రీజర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు, చలి నిలకడగా ఉంటుంది. కలరా ఉండల వాసన పట్టిన సరుకైతే తిండి పెట్టే ఫ్రీజర్‌లోకి ఎలాగూ వెళ్లకూడదు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఆ అట్టపెట్టెల్లో స్టఫ్ చేసిన పక్షి గానీ, బొమ్మగా నిలబెట్టిన పక్షి నుంచి ఒలిచిన తోలు గానీ ఉంటే చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. పాతకాలంలో వాటికి లోపల ఆర్సెనిక్ పూసేవాళ్లు, 1970ల దాకా కూడా ఆ పద్ధతి నడిచింది. ఈకలు మెరుస్తూ, పురుగు తాకకుండా ఉంటాయి కాబట్టే కట్టేవాళ్లకు వాటి మీద ఆశ పుడుతుంది. పెదవులతో దారం తడిపే అలవాటు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

వాగొడ్డు:

ఈకలపెట్టె గారూ, ఇంత వివరంగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. భూతద్దంతో చూశాను. కేప్ తోలు అంచున మీరు చెప్పిన చారల పొట్టు ఉంది. వంటింటి పురుగుల రెక్కలు రెండు రంగులే, కందిపప్పు సంచిలో పుట్ట దొరికింది. మా అత్తగారే పట్టుకున్నారు. స్టఫ్ చేసిన పక్షులేమీ లేవు. గ్యారేజీకి ఫ్రీజర్ చూస్తున్నాను.

అది వచ్చేలోగా మైక్రోవేవ్‌లో కొన్ని సెకన్లు పెట్టి చంపవచ్చని ఒకచోట చదివాను, నిజమేనా? చచ్చిన పురుగులున్న తోలును మళ్లీ వాడవచ్చా? మా ఆఫీసులో వేటకు వెళ్లే మిత్రుడు జింక తోలు ముక్కలు, ఫెజెంట్ అనే పక్షి తోలు ఇస్తానంటున్నాడు. తీసుకోవాలని ఉంది కానీ ఇప్పుడు భయం వేస్తోంది.

ఈకలపెట్టె:

మైక్రోవేవ్ వద్దు. తోలులో తేమ, కొవ్వు ఎక్కడ ఎంత ఉందో మనకు తెలియదు. ఒక చోట కాలి ముడుచుకుంటుంది, పక్కనే గుడ్లు చల్లగా ఉండిపోతాయి. ప్యాకెట్‌కు కొట్టిన పిన్ను ఒకటి కనబడకుండా ఉంటే మంట లేస్తుంది. ఒకసారి ముడుచుకున్న కేప్ తోలు చిట్లుతుంది, దాని నుంచి ఈకలు వరుసగా రావు. ఫ్రీజర్ వచ్చేదాకా సంచులను రెండేసి పొరల్లో మూసి గ్యారేజీలో పెట్టండి, అంతే.

చలికి చచ్చిన తర్వాత శుభ్రం చేయడం మానవద్దు. చచ్చిన పురుగు, దాని పొట్టు తర్వాత వచ్చే కార్పెట్ బీటిల్‌కు తిండి. కేప్‌ను గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, ఈకలు మొలిచిన దిశలోనే వేళ్లతో నిమురుతూ కడగండి. నురుగు పోయేదాకా మంచినీళ్లు మార్చండి. పాత న్యూస్‌పేపర్ మధ్య నొక్కి నీరు తీసి, తోలు వైపు కిందికి ఉండేలా అట్ట మీద పిన్నులు గుచ్చి ఆరబెట్టండి. తడిసిన కేప్ చూస్తే పాడైపోయిందనిపిస్తుంది. ఆరేకొద్దీ పోగులు విడివడి మళ్లీ నిలబడతాయి. పూర్తిగా ఆరిందని నిర్ధారించుకున్నాకే డబ్బాలోకి. తేమతో మూస్తే నీలగిరి చలి గారు చెప్పిన బూజు పెన్సిల్వేనియాలోనూ వస్తుంది, ఇక్కడి జులై కూడా తక్కువ ఉక్కగా ఉండదు. కుందేలు మాస్క్‌ను కడగనక్కర్లేదు. మిగిలిన బొచ్చును తోలు నుంచి గొరిగి డబ్బింగ్‌గా (కట్టే దారానికి చుట్టే బొచ్చుగా) కలిపి చిన్న సీసాలో పెట్టుకుని, తోలును పారేయండి. పురుగుకు ఇష్టమైన భాగం అదే.

జింక తోలు తీసుకోండి, భయం లేదు. కానీ ఇంట్లోకి తేకముందే ఫ్రీజర్‌లో పెట్టాలి. పెన్సిల్వేనియా జింకల మీద లైమ్ జబ్బు మోసే పిడుదులు ఉంటాయి, అందుకూ ఇది మంచిది. తర్వాత తోలు వైపు కొవ్వు, మాంసపు పొర అణువు మిగలకుండా గీకి, బోరాక్స్ (వెలిగారం) రుద్ది, గాలికి ఎండబెట్టండి. బోరాక్స్ పిల్లలకు అందకూడదు. వేటాడిన ఫెజెంట్ తీసుకోవచ్చు. దారిలో పడి ఉన్న బ్లూ జే ఈకో, కొంగ ఈకో, గద్ద ఈకో మాత్రం ఎంత అందంగా ఉన్నా ఏరుకోకండి. 1918 నాటి అమెరికా వలస పక్షుల చట్టం ప్రకారం అవి దగ్గర ఉంచుకోవడమే నేరం.

కొత్త సరుకు ఏదైనా, దుకాణంలో కొన్నదైనా, మిగతావాటితో కలపకముందు ఫ్రీజర్ గుండా రావాలి. ఈ ఒక్క నియమం నేను ఎవరి కోసమూ సడలించను. తోలుతో పాటు వచ్చిన అట్ట, కాగితం తీసేయండి, వాటి మడతల్లోనే గుడ్లు ఉంటాయి.

ఎండిన ఏరు:

నేను డెన్వర్ దగ్గర ఉంటాను, సౌత్ ప్లాట్ నదిలో ఫ్లైలు వేస్తుంటాను. ఫ్లైల ఈకల కోసం వైటింగ్ వాళ్లు పెంచే కోళ్లు ఉండే డెల్టా అనే ఊరు మా రాష్ట్రంలోనే ఉంది, కాబట్టి ఇక్కడ కేప్‌లు లేని ఇల్లు లేదు. ఇంత పొడి ఊళ్లోనూ కార్పెట్ బీటిల్ హాయిగా బతుకుతుంది.

రెండు విషయాలు కలుపుతాను. జిప్ సంచి ఒక్కటే చాలదు. జిప్పు మూలల దగ్గర చిన్న సందు ఉంటుంది, గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు అది చాలు. పలచటి సంచిని కొరికి కూడా వెళ్తుంది. నేను ఒక్కో కేప్‌ను ఒక్కో సంచిలో పెట్టి, వాటిని మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న గట్టి డబ్బాల్లో పెడతాను. పెద్ద డబ్బా ఒకటి కొనే బదులు చిన్నవి ఎక్కువ కొనండి: కోడి ఈకలు ఒకదాంట్లో, మారబూ (మెత్తటి నూగు ఈకలు) ఒకదాంట్లో, జింక, ఎల్క్ బొచ్చు ఇంకొకదాంట్లో. ఒకదాంట్లో పురుగు పడ్డా మిగతావి దక్కుతాయి. డబ్బా పారదర్శకంగా ఉండాలి, కానీ అలమార లోపల ఉండాలి. ఎండ పొడ పడితే అద్దిన రంగులు, నెమలి పోగు మెరుపు వెలిసిపోతాయి.

పురుగు రాదని సీడార్ చెక్క పెట్టెను నమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. దాని నూనె కొత్త చెక్కలో ఉన్నంతకాలమే అంతో ఇంతో పని చేస్తుంది, ఆరిపోయాక అది మామూలు చెక్కే. జిగురు అట్టల ఫెరొమోన్ ఉచ్చులు మాత్రం పెట్టుకోండి. ఆడ చిమ్మట వాసనకు మగవి వచ్చి అంటుకుంటాయి. వాటితో పురుగు అంతం కాదు, ఇంట్లో ఉందా లేదా అన్నది తెలుస్తుంది. బీటిల్ ఆ ఉచ్చుకు రాదు.

కట్టేసిన ఫ్లైల మాట ఎవరూ ఎత్తలేదు. స్ట్రీమర్ల (చిన్న చేపల్లా కనిపించే పెద్ద ఫ్లైల) పెట్టె చలికాలమంతా గ్యారేజీలో ఉంటే వసంతానికి కొక్కేలు, దారం మిగులుతాయి. సింథటిక్‌తో కట్టినవి చెక్కుచెదరవు.

ఈకలపెట్టె:

ఎండిన ఏరు గారు చెప్పినవన్నీ సరైనవే. పట్టుచీరల సంగతి నేను మరిచేలోపు రాస్తాను. పట్టు కూడా చిమ్మట తింటుంది. ఉన్ని కంటే తక్కువ ఇష్టం, కానీ పాయసం మరకో, చెమటో ఉన్న చోట తప్పకుండా కొరుకుతుంది. ఆ అలమార మొత్తం ఖాళీ చేసి, చీరలు ఒక్కొక్కటీ పూర్తిగా విప్పి వెలుతురులో చూడండి. మడత చోట చిల్లు లేకపోతే దులిపి, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి వేరే గదిలో పెట్టండి. జరీ చీరలను ఫ్రీజర్‌లో పెట్టాల్సి వస్తే గట్టిగా నొక్కి మడవకండి. తర్వాత అలమార మూలలు, కార్పెట్ గోడను తాకే అంచు, వేడిగాలి వచ్చే జాలీ లోపల, బల్ల సొరుగుల వెనక వాక్యూమ్ చేసి, ఆ సంచిని అదే రోజు బయటి చెత్తలో పడేయండి. చూరు కింద పాత పిచ్చుక గూడు ఉంటే తీయించండి. కార్పెట్ బీటిల్ ఇంట్లోకి వచ్చే దారుల్లో అదొకటి. పైకప్పు లైట్ల గిన్నెల్లో పడి ఎండిన ఈగలు కూడా దానికి తిండే.

నీలగిరి చలి:

ఈకలపెట్టె గారూ, వేపాకు విషయంలో మీరు చెప్పింది ఆలోచించాను. మా నాయనమ్మ నిజంగానే శ్రావణమాసానికి ముందు చీరలన్నీ వసారాలో ఆరవేసేది. ఇక మీదట ఆకులు లేకుండా ఏటా తీసి దులుపుతాను. ఒక సందేహం: వాగొడ్డు గారి దగ్గర ఉన్న జంగిల్ కాక్ మన అడవికోడే కదా? మా బంధువులు నల్లమల వైపు ఉన్నారు. వచ్చేటప్పుడు రాలిన నెమలి ఈకలు, అడవికోడి ఈకలు తెచ్చి అక్కడి మిత్రులకు పంపవచ్చా?

ఈకలపెట్టె:

పంపకండి. రాలిన నెమలి ఈకలు మన దేశం లోపల ఉంచుకోవచ్చు కానీ దేశం దాటించడానికి వీల్లేదు. అడవికోడికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అవును, ఇది దక్షిణ భారతపు బూడిద రంగు అడవికోడే. పుంజు మెడ మీద ఈక కొసన లక్క ముద్రలాంటి మెరుపు చుక్క ఉంటుంది. ఈ ఈకల కోసమే ఒకప్పుడు ఆ పక్షిని మన అడవుల్లో విపరీతంగా పట్టారు. ఇప్పుడు ఫ్లైలకు వాడేవి విదేశాల్లో పెంచిన పక్షులవి. వాగొడ్డు గారు తిరిగే లెటార్ట్ వాగుకు ఈ ఈకతో గట్టి బంధం ఉంది. పత్తికి పట్టే పచ్చదోమ లాంటి చిన్న పురుగులను ట్రౌట్ తింటోందని గమనించి, విన్సెంట్ మారినారో అనే ఫ్లై జాలరి అక్కడే జాసిడ్ అనే ఫ్లై కట్టారు. చిన్న కొక్కెం, కాస్త హ్యాకిల్ (కోడి మెడ ఈక), పైన బల్లపరుపుగా ఒక్క జంగిల్ కాక్ ఈక. 1950లో ఆయన దాన్ని అచ్చులో వివరించారు.

అందుకని ఆ కేప్ గురించి వాగొడ్డు గారికి నా సూచన. ఫ్రీజర్ రెండు విడతలూ అయ్యాక దాన్ని కడగకండి. పాత తోలు పెళుసుగా ఉంటుంది, తడిస్తే చిట్లవచ్చు. మెత్తటి కుంచెతో తోలు వైపు, ఈకల మొదళ్ల మధ్య దులిపితే చాలు. అట్ట మీద వదులుగా కట్టి, విడి సంచిలో, విడి డబ్బాలో పెట్టండి, మిగతా ఏ సామగ్రినీ అందులో ఉంచకండి. పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టండి. మొదటి ఏడాది నెలకొకసారి మూత తీయకుండా అడుగు వైపు చూడండి. కార్పెట్ బీటిల్ పిల్లగా ఏడాదికి పైగా ఉండగలదు కాబట్టి రెండు మూడు నెలలు శుభ్రంగా ఉందని చూడటం మానకండి. డబ్బా కింద తెల్ల కాగితం ఒకటి పరిచి ఉంచితే ఇసుక రేణువు ఒక్కటి రాలినా కనబడుతుంది. అది కనబడిన రోజే మళ్లీ ఫ్రీజర్.